ఒకే ఒక్క ప్రయోగ విమానానికి ఇంత సిస్టమ్స్ ఇంజనీరింగ్ అవసరమా?

రెక్కగాలి: ఒకటో రెండో తయారయ్యే పరిశోధన విమానానికి ప్రయాణికుల విమానమంత సిస్టమ్స్ ఇంజనీరింగ్, అంటే ఏ మార్పు ఏ భాగాన్ని ఎలా తాకుతుందో ముందే రాసిపెట్టే కాగితం పని, దండగ. మనిషి కాళ్ల బలంతోనే ఎగిరే విమానాలకిచ్చే క్రెమర్ బహుమతిని 1977లో గెలిచిన గోసమర్ కాండోర్‌ను విరిగితే వెంటనే అతికించి మళ్లీ ఎగరేసేలా కట్టారు. అందుకే గెలిచింది.

టెలిమెట్రీ: అది సైకిల్ వేగంతో, నేలకు కాస్త ఎత్తులో ఎగిరింది. పడితే గొట్టాలు వంగుతాయి, అంతే.

ఎక్స్-31 అనే ప్రయోగాత్మక జెట్ విమానం చూడండి. యాంగిల్ ఆఫ్ అటాక్ (ఎదురుగాలికి రెక్క చేసే కోణం) బాగా పెరిగినా గాలి వేగం సరిగ్గా తెలియాలని, ఆ వేగాన్ని కొలిచే పాత పిటాట్ గొట్టం తీసి కీల్ ప్రోబ్ అనే మరో రకం గొట్టం పెట్టారు. దీనికి హీటర్ లేదు. కాక్‌పిట్‌లో పిటాట్ హీట్ స్విచ్ మాత్రం అలాగే ఉంది. 1995 జనవరి 19న పైలట్ ఆ స్విచ్ వేశాడు, ప్రోబ్ వేడెక్కలేదు. లోపల మంచు పట్టింది, కొలత తప్పింది. విమానం చాలా నెమ్మదిగా వెళ్తోందనుకుని కంప్యూటర్లు ఆ వేగానికి తగ్గట్టు కంట్రోల్ గెయిన్లు (రెక్కల పలకలను ఎంత గట్టిగా కదపాలో చెప్పే అంకెలు) మార్చేశాయి. విమానం అదుపు తప్పింది. పైలట్ ఇజెక్ట్ అయి బతికాడు.

రెక్కగాలి: హీటర్ లేదని కంట్రోల్ రూమ్‌లో తెలుసు. మాట సమయానికి పైలట్‌కి చేరలేదు. కాగితం ఏం చేస్తుంది?

ఇంటర్‌ఫేస్: మాట చేర్చడానికే కదండీ ఆ కాగితం! ప్రోబ్ మార్చిన రోజే ఒక్క పేజీ రాయాలి: ఈ కొలతను ఏయే భాగాలు వాడుతున్నాయి, అది తప్పితే ఒక్కోటి ఏం చేస్తుంది, చెక్‌లిస్టులో ఏ లైను కొట్టేయాలి, ఏ స్విచ్ మీద ‘పనిచేయదు’ అని చీటీ అంటించాలి. గెయిన్లను స్థిరంగా ఉంచే రివర్షనరీ మోడ్ (కొలత నమ్మలేనప్పుడు వాడే ప్రత్యామ్నాయ పద్ధతి) ఆ విమానంలోనే ఉంది. కొలత మీద అనుమానం రాగానే దానికి మారాలన్న నియమం ఆ పేజీలోనే పుట్టేది.

రెక్కగాలి: ఆ పేజీ వరకు ఒప్పుకుంటాను. కానీ 2003 జూన్ 26న నాసా వారి పైలట్ లేని సౌరశక్తి విమానం హీలియోస్ కూలింది విశ్లేషణ లేక కాదు. ఇంధన కణాల కోసం బరువును కొన్నిచోట్లే పేర్చారు. 75 మీటర్ల రెక్క అల్లకల్లోలమైన గాలిలో చివరలు పైకి లేచి వంగిపోయింది, పిచ్‌లో (ముక్కు పైకీ కిందికీ) ఊగిసలాట పెరిగి ముక్కలైంది. ఆ మార్పు ఎంత ప్రమాదమో అప్పటి లెక్క పద్ధతులకు అందలేదు. అలాంటప్పుడు చిన్న చిన్న మెట్లుగా ఎగరేయడమే దారి.

టెలిమెట్రీ: ఆ మెట్లు వేయడం కూడా సిస్టమ్స్ ఇంజనీరింగ్‌లో భాగమే. 1972లో ఎఫ్-8 జెట్ విమానం డిజిటల్ ఫ్లై-బై-వైర్‌తో (పైలట్ ఆదేశాలను కంప్యూటర్ ద్వారా రెక్కల పలకలకు పంపే పద్ధతితో) ఎగిరినప్పుడు, అందులో వాడిన అపోలో చంద్రయాత్రల కంప్యూటర్ విఫలమైతే ఆదుకోవడానికి అనలాగ్ వ్యవస్థ సిద్ధంగా ఉంచారు. ప్రతి మెట్టుకూ ఏ కొలత ఎంత దాటితే ఆపాలో, ఆపమని ఎవరు చెప్పాలో ఇంజన్ స్టార్ట్ చేయకముందే రాసి ఉండాలి. గాల్లో ఉండగా బేరాలు పెట్టుకోకూడదు.