అప్‌డేట్: జపాన్ కస్టమ్స్‌లో ఆగిన స్కీల పార్సిల్ చేతికొచ్చింది

అమెరికా నుంచి అక్క వాళ్లు స్కీలు, బూట్లు కొరియర్‌లో నిసెకోకి (జపాన్‌లో స్కీయింగ్ చేసే ఊరు) పంపారని, పార్సిల్ కస్టమ్స్‌లో ఆగిందని, సుంకం కట్టమంటున్నారని ఇక్కడ అడిగాను. మొదటిసారి స్కీయింగ్, పైగా ఈ టెన్షన్. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

పనిచేసింది 'విడిగా వచ్చే సామాను' డిక్లరేషన్ సలహా, అంటే మనతో కాకుండా వేరుగా వచ్చే మన సామాను గురించి కస్టమ్స్‌కు రాసిచ్చే ఫారం. నిసెకోకి వెళ్లే దారిలో దిగిన న్యూ చితోసే ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ దాటకముందే ఫారం రెండు కాపీలు నింపి ఇచ్చాను. ఒకదాని మీద ముద్ర వేసి తిరిగిచ్చారు. అది కొరియర్ వాళ్లకు అందాక పార్సిల్ కదిలింది, సుంకం పడలేదు. ఈ పని దిగిన రోజు ఎయిర్‌పోర్టులోనే చేయించుకోండి.

అసలు సంగతి తర్వాత తెలిసింది. అద్దె షాపులో టెక్నీషియన్ బూటు తిరగేసి, అడుగున 'గ్రిప్‌వాక్' అన్న గుర్తు చూపించాడు. నడవడానికి వీలుగా కాస్త వంపు తిరిగిన రబ్బరు అడుగు అది. అక్క వాళ్ల స్కీల బైండింగులు (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపులు) పాతవి, చదునైన అడుగుకే సరిపోతాయి. బలవంతంగా బిగిస్తే పడినప్పుడు బూటు ఊడకపోవచ్చు, మోకాలు దెబ్బతినొచ్చు. అందుకే ఆ బూట్లతోనే అద్దె స్కీలు తీసుకున్నాను, హాయిగా నేర్చుకున్నాను.

కొత్తవాళ్లకు నా మాట: కాలికి సరిపోయే బూట్లుంటే అవి మాత్రం విమానంలో వెంట తెచ్చుకోండి, స్కీలు అక్కడే అద్దెకు తీసుకోండి.

తిరిగి వెళ్లేటప్పుడు స్కీల బ్యాగును లాడ్జి నుంచే టక్యూబిన్‌లో (జపాన్‌లో సామాను చేరవేసే కొరియర్ సర్వీసు) ఎయిర్‌పోర్టుకు ముందుగా పంపేశాం. కౌంటర్‌లో భద్రంగా అందింది.