క్లియరెన్స్ రాకముందే ఉన్న కాంట్రాక్టు వదులుకోవాలా?

రిలీజ్_రాజీ
బ్యాంకులో కాంట్రాక్టు ఆఫర్ మీద సంతకం అయింది. బీజీవీ (బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, అంటే చేరే ముందు చేసే తనిఖీ) ఫారం నింపి, కాగితాలన్నీ ఎక్కించాను. అప్పట్నుంచీ పోర్టల్లో "ఇన్ ప్రోగ్రెస్" అన్న ముక్క తప్ప కదలిక లేదు. నన్ను బ్యాంకుకి పంపుతున్న ఏజెన్సీని అడిగితే "ఇవాళో రేపో" అంటారు. ఇప్పుడున్న క్లయింటేమో పొడిగింపు కాగితం పంపి శుక్రవారంలోగా తేల్చమంటున్నారు. ఇలాంటప్పుడు పద్ధతేమిటి?

నిదానస్థుడు
పొడిగింపు మీద సంతకం పెట్టండి. పెట్టేముందు నోటీసు గడువు చూసుకోండి. నెల అని ఉంటే రెండు వారాలకు తగ్గించమని అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు. బ్యాంకు ఆఫర్లో "స్క్రీనింగ్ సంతృప్తికరంగా పూర్తయితేనే" అన్న క్లాజు ఉంటుంది. అది ఉన్నంతకాలం మీ చేతిలో ఉన్నది మాటే తప్ప పని కాదు.

ఏజెన్సీకి క్యాలెండర్ తేదీ ఇవ్వకండి. "రాతపూర్వక క్లియరెన్స్ వచ్చిన రోజు నుంచి నా నోటీసు గడువు పూర్తయ్యాక చేరతాను" అని మెయిల్లో రాయండి. ఇంకో సంగతి: క్లియరెన్స్ వచ్చినంత మాత్రాన బిల్లింగ్ మొదలవదు. యూజర్ ఐడీ, ల్యాప్‌టాప్, బిల్డింగ్ పాస్ రిక్వెస్టులు చాలా బ్యాంకుల్లో క్లియరెన్స్ తర్వాతే పెడతారు. లాగిన్ లేకపోతే టైమ్‌షీట్ ఉండదు. రోజు కూలీ ఏ రోజు నుంచి లెక్కో ముందే అడిగి రాయించుకోండి.

మెయిన్‌ఫ్రేమ్ మావయ్య
సంతకం గొడవ తర్వాత చూద్దాం. రాజీ గారూ, ముందు ఫైలు ఎక్కడ ఆగిందో కనుక్కోండి. గుర్తింపు, ఆంక్షల జాబితాలు, డైరెక్టర్‌షిప్పులు, క్రెడిట్ ఇవన్నీ డేటాబేసులో చూసేవి. త్వరగానే తేలిపోతాయి. నానేవి మూడు: పాత పనుల రిఫరెన్సులు, డిగ్రీ ధ్రువీకరణ, వేరే దేశంలో ఉన్న కాలానికి పోలీసు సర్టిఫికెట్. వీటికి బయట ఎవరో ఒక మనిషి కూర్చుని జవాబివ్వాలి.

అందులోనూ కాంట్రాక్టర్ల ఫైళ్లు రిఫరెన్సుల దగ్గరే పడుకుంటాయి. మనవాళ్లు సీవీలో క్లయింటు పేరు రాస్తారు, ఫారంలోనూ అదే దించుతారు. వెండరు, అంటే బ్యాంకు తరఫున తనిఖీ చేసే సంస్థ, ఆ క్లయింటు హెచ్‌ఆర్‌కి మెయిలు కొడతాడు. వాళ్ల పేరోల్లో మీరు ఉండరు కాబట్టి "ఈ పేరు మా రికార్డుల్లో లేదు" అని వస్తుంది. అది రిపోర్టులో డిస్క్రిపెన్సీగా, అంటే తేడాగా, పడుతుంది. ఎంప్లాయర్ గడిలో మీకు డబ్బు చెల్లించిన ఏజెన్సీ లేదా అంబ్రెల్లా కంపెనీ (కాంట్రాక్టర్లను తన పేరోల్లో పెట్టుకుని జీతమిచ్చే సంస్థ) పేరుండాలి. పనిచేసిన చోటు అన్న గడిలో క్లయింటు పేరు.

సొంత కంపెనీ మీద చేసిన కాలానికైతే ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్, పన్ను రిటర్నులు, లెటర్‌హెడ్ మీద అకౌంటెంట్ ఉత్తరం, ఆ కాంట్రాక్టు మొదటి ఇన్వాయిసు, చివరి ఇన్వాయిసు, ఆ రెండూ జమైన స్టేట్‌మెంట్ పేజీలు. ఇవి అడగకముందే ఒకే పీడీఎఫ్‌గా ఇస్తే సగం ఉత్తర ప్రత్యుత్తరాలు తప్పుతాయి.

సున్నాగ్యాపు
అసలు విషయం ఎవరూ చెప్పట్లేదు. తేదీలు! రోజుతో సహా సరిపోవాలి. సీవీలో క్లయింటు దగ్గర అడుగుపెట్టిన రోజు వేస్తారు, ఏజెన్సీ రికార్డులో కాంట్రాక్టు అమల్లోకొచ్చిన తేదీ ఉంటుంది, పేస్లిప్పులో ఇంకో తేదీ. మూడూ మూడు దారులు.

మెయిన్‌ఫ్రేమ్ మావయ్య
సీవీలో నెల, సంవత్సరం చాలు. ఫారంలో మాత్రం రోజు కావాలి.

సున్నాగ్యాపు
చాలదు మావయ్యగారూ. "మార్చి నుంచి" అంటే 1వ తేదీనా 31వ తేదీనా? కొన్ని బ్యాంకులు 28 రోజులు దాటిన ఖాళీకి ఆధారం అడుగుతాయి, కొన్ని 30 రోజులు, కొన్నిచోట్ల మూడు నెలల దాకా వదిలేస్తారు. నెలలు మాత్రమే రాస్తే లేని గ్యాపు పుట్టుకొస్తుంది.

లెడ్జర్_లత
స్టేట్‌మెంట్లో మిగతా లావాదేవీలు నల్లగా కొట్టేసి ఇవ్వొచ్చా?

మెయిన్‌ఫ్రేమ్ మావయ్య
ఇవ్వొచ్చు. పేరు, బ్యాంకు, ఖాతా చివరి నాలుగంకెలు, తేదీ, ఆ జమ వరస కనపడితే చాలు. కాకపోతే కొందరు వెండర్లు దిద్దిన పీడీఎఫ్ కనపడగానే తిప్పికొడతారు. ముందు అడిగి కొట్టెయ్యండి.

నిదానస్థుడు
మావయ్యగారి జాబితా బాగుంది. కానీ అన్నీ సక్రమంగా ఇచ్చినా ఆగుతుంది, దాని మాటేమిటి? వెండరు రిపోర్టు యాంబర్‌లో, అంటే ఏదో తేలలేదన్న గుర్తుతో, వస్తే బ్యాంకు వెట్టింగ్ (పరిశీలన) టీముకి వెళ్తుంది. అది వేరే క్యూ. అక్కడ ఏం నడుస్తోందో ఏజెన్సీకి కూడా తెలీదు. వివరాలు వాళ్లకు చూపించరు కనుక "ఇవాళో రేపో" అన్నది ఊహ మాత్రమే. తప్పంతా అభ్యర్థి కాగితాల్లోనే ఉందన్నట్టు మాట్లాడితే ఎలా?

మెయిన్‌ఫ్రేమ్ మావయ్య
అంతా అనలేదు, ఎక్కువ భాగం అన్నాను. పోర్టల్లో పది పత్రాలు ఎక్కించి, చివర్న కన్సెంట్ మీద సంతకం మర్చిపోయేవాళ్లు ఎంతమందో! కన్సెంట్ లేనిదే గడియారం మొదలే కాదు. డిగ్రీ మీద పొడి అక్షరాలు, పాస్‌పోర్టులో పూర్తి పేరు ఉంటాయి, రెండూ ఒకరివేనన్న అఫిడవిట్ పెట్టరు. ఇన్‌సఫిషియెన్సీ (కాగితాలు చాలలేదని) రైజ్ చేసిన మెయిలు స్పామ్‌లో పడుంటుంది. పాత బకాయి ఉంటే ముందే చెప్పరు. బకాయి కన్నా దాన్ని దాచడమే వెట్టింగులో ఎక్కువ దెబ్బతీస్తుంది.

నిదానస్థుడు
దాచొద్దు, సరే. బిల్లు కాని వారాలకు మీ అఫిడవిట్ డబ్బు కడుతుందా?

కోబాల్‌కుర్రాడు
పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

క్లాజు_కామేశం
రాజీ గారికి పనికొచ్చేది: యూరప్‌లో అయితే జీడీపీఆర్ (డేటా రక్షణ చట్టం) కింద మీ గురించి వెండరు దగ్గరున్న సమాచారం అడగొచ్చు, మామూలుగా నెలలోపు ఇవ్వాలి. అమెరికాలో ఎఫ్‌సీఆర్‌ఏ (ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం) ప్రకారం రిపోర్టు ఆధారంగా ఉద్యోగం నిరాకరించే ముందు కాపీ చేతికివ్వాలి. కాకపోతే స్వతంత్ర కాంట్రాక్టర్లకు ఆ నియమం వర్తిస్తుందా లేదా అన్నదానిపై అక్కడ భిన్నాభిప్రాయాలున్నాయి. ఆలస్యాన్ని ఇవేవీ తగ్గించవు, తప్పు పడితే దిద్దించుకోడానికే. శుక్రవారం గడువుకైతే అసలు అందవు.

ఆలస్యానికి పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: షరతులతో కూడిన ప్రారంభం ఇస్తారా? గుర్తింపు, పని హక్కు, నేర చరిత్ర, ఆంక్షలు తేలి, ఒకట్రెండు పాత రిఫరెన్సులు మాత్రమే మిగిలితే కొన్ని బ్యాంకులు పరిమిత యాక్సెస్‌తో చేర్చుకుంటాయి. దాన్ని హైరింగ్ మేనేజరే పైకి పంపాలి. ఏజెన్సీ తనంతట తాను అడగదు.

మెయిన్‌ఫ్రేమ్ మావయ్య
నిదానస్థుడు గారూ, డబ్బు ప్రస్తావన తెచ్చారు కాబట్టి సూటిగా అంటాను. కాంట్రాక్టర్ అంటే వ్యాపారం. ఖాళీ వారాల ఖర్చు రేటులోనే ఉంది. రిస్కుకు రేటు పుచ్చుకుంటూ, అటు ఆఫర్ మీదా ఇటు పొడిగింపు మీదా సంతకం పెట్టడం రెండు పడవల మీద కాళ్లు.

నిదానస్థుడు
రిస్కు ఒకవైపే ఎందుకు? క్లియరెన్స్ దాకా బ్యాంకుకి ఏ బాధ్యతా లేదు. బడ్జెట్ ఆగితే ఒక్క మెయిల్‌తో వదిలేస్తారు, ఆ క్లాజు వాళ్లే రాసుకున్నారు. కట్టుబడని వాళ్ల కోసం నేనెందుకు కట్టుబడాలి?

మెయిన్‌ఫ్రేమ్ మావయ్య
పొడిగింపు తీసుకోవద్దని నేనెక్కడ అన్నాను? ఏజెన్సీకి చెప్పి తీసుకోమంటున్నాను. వాళ్లు మేనేజరుకి ఒక తేదీ చెప్పారు, ప్రాజెక్టు ప్లాన్ దాని మీద నడుస్తోంది. క్లియరెన్స్ వచ్చిన రోజున "ఇంకో రెండు వారాలు" అంటే అది మోసం కాకపోయినా మోసంలాగే కనపడుతుంది.

నిదానస్థుడు
చెబితే ఏమవుతుందో కూడా చెప్పండి! "అభ్యర్థి జారిపోతున్నాడు" అని అదే రోజు ఇంకొకరి ఫైలు సమాంతరంగా మొదలెడతారు. నోటీసు గడువు ఫలానా అని చెబితే చాలు. ఎవరి దగ్గర నోటీసు, ఎప్పుడు సంతకం పెట్టాం అన్నది వాళ్లకనవసరం.

క్లాజు_కామేశం
బయటి పనుల డిక్లరేషన్ ఫారం చూడండి. అది ప్రస్తుత కాంట్రాక్టు అడిగితే దాచడానికి లేదు. చేరిన రోజుకి ముగిసి ఉండాలా, సంతకం రోజుకే ఉండకూడదా అన్నది ఆ ఫారం మాటల్లోనే ఉంటుంది.

సున్నాగ్యాపు
అందులోనూ తేదీలే అడుగుతారు.

రిలీజ్_రాజీ
ఏజెన్సీని మళ్లీ గట్టిగా అడిగాను, "ఏ ఐటమ్ పెండింగ్, ఎవరి దగ్గర" అని. ఆగింది ఒకే ఒక్క రిఫరెన్సు. ఆ అంబ్రెల్లా కంపెనీ మూతబడింది. వెండరు ఆ పాత మెయిలుకే మళ్లీ మళ్లీ పంపుతున్నాడట. పొడిగింపు సంగతి వాళ్లకు చెప్పాలా వద్దా ఇంకా తేల్చుకోలేదు.

మెయిన్‌ఫ్రేమ్ మావయ్య
వెండరు మూడోసారి ప్రయత్నించి "వెరిఫై చేయలేకపోయాం" అని రాసేదాకా ఆగొద్దు. కంపెనీల రిజిస్టరులో ఆ సంస్థ రద్దయినట్టు చూపే పేజీ ప్రింటు, మొదటి పేస్లిప్పు, చివరి పేస్లిప్పు, ఏడాది చివరి పన్ను పత్రం, జీతం జమైన స్టేట్‌మెంట్ పేజీలు కలిపి ఈరోజే పంపండి. సబ్జెక్టులో కేసు నంబరు వెయ్యండి. "ఈ రిఫరెన్సుకు ప్రత్యామ్నాయ ఆధారాలు" అని రాసి ఏజెన్సీకి కాపీ పెట్టండి. ఆ కాలంలో క్లయింటు దగ్గర మీ మేనేజరు ఆఫీసు మెయిలు నుంచి రెండు వాక్యాలు రాస్తే ఇంకా మంచిది, వ్యక్తిగత మెయిలు చెల్లదు.

నిదానస్థుడు
దీంట్లో మావయ్యగారితో పేచీ లేదు. శుక్రవారం సంగతిలో ఉంది.

సున్నాగ్యాపు
రాజీ గారూ, మూతబడిన కంపెనీకి చివరి తేదీ ఏది వేశారు? చివరి పేస్లిప్పు తేదీయా, చివరిగా పనిచేసిన రోజా?