మూడు చోట్లా ఒక్కో మార్కే తక్కువ, ఏం చేయమంటారు?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) కోర్సులో రెండో దశ అయిన ఇంటర్ మొదటి గ్రూపు రాశాను. అకౌంటింగులో 59, చట్టాల పేపరులో 51, పన్నుల పేపరులో 39 వచ్చాయి. పేపరుకు 40 కావాలి, ఒకటి తగ్గింది. మూడూ కలిపి 150 కావాలి, 149 అయ్యాయి. ఒక పేపరులో 60 వస్తే తర్వాతి మూడు విడతల పరీక్షల్లో అది మళ్ళీ రాయకుండా మినహాయింపు దొరికేది, అదీ 59 దగ్గరే ఆగింది. ఇంత పద్ధతిగా తప్పడం కూడా ఒక కళేనేమో!

మా నాన్నగారిది కిరాణా కొట్టు. కిలో చింతపండు తూచాక కాస్త కొసరు వేయనిదే ఆయన చేయి ఊరుకోదు. "మార్కులకు కొసరు ఉండదా?" అని అమాయకంగా అడిగారు. నా పేపరు దిద్దినవారు ఫ్యాను ఆపేసి, బంగారం త్రాసు ముందు కూర్చున్నారని చెప్పాను.

అసలు సంగతికి వస్తాను. ఫలితాలు వచ్చిన నెలలోపు మార్కుల పరిశీలనకు దరఖాస్తు చేయవచ్చు. అయితే అందులో కూడికలు, దిద్దకుండా వదిలేసిన జవాబులు మాత్రమే చూస్తారు, మళ్ళీ దిద్దరు. పన్నుల పేపరులో ఒక్కటి పెరిగితే నా రెండు గండాలూ ఒకేసారి గడుస్తాయి. ముందు జవాబు పత్రం నకలు తెప్పించుకోవాలా, నేరుగా పరిశీలనకే వెళ్ళాలా? అలా మార్కు పెరిగినవారు మీలో ఎవరైనా ఉన్నారా? జవాబు సరైనదే అయినా లెక్క చేసిన దశలు చూపకపోతే ఎంత కోస్తారు? కొట్టులో పెరిగిన అలవాటు కొద్దీ సగం కూడికలు మనసులోనే చేసేశాను.

అమ్మ ఇప్పటికే పాతపట్నం నీలమణి దుర్గమ్మకు మొక్కేసింది. గడువు ఇంకా పన్నెండు రోజులే ఉంది.