అప్‌డేట్: కాల్చాక ఖాళీ షెల్ ఇరుక్కుపోయే పంప్ షాట్‌గన్, సమస్య తీరింది

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. కొత్తగా చూసేవాళ్ళ కోసం: నాది 12 గేజ్ (గొట్టం సైజు) పంప్ షాట్‌గన్, షెల్స్ (తూటాలు) 2¾ అంగుళాల చవక రకం, అడుగు స్టీల్‌ది. పేల్చాక ఫోరెండ్ (బ్యారెల్ కింద ముందుకీ వెనక్కీ లాగే పిడి) వెనక్కి రాదు. పేల్చని షెల్ మాత్రం సునాయాసంగా లోపలికెళ్ళి బయటికొస్తుంది.

"ముందు ఇత్తడి అడుగున్న షెల్స్‌తో చూడు" అన్న సలహాతోనే గుట్టు తెలిసింది. వాటిలో ఒక్కటీ ఇరుక్కోలేదు. పేలినప్పుడు షెల్ అడుగు ఉబ్బుతుంది. ఇత్తడి మళ్ళీ బాగా ముడుచుకుంటుంది, స్టీల్ అంతగా ముడుచుకోదు. అయితే స్టీల్ ఒక్కటే కారణం కాదు. గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) బ్యారెల్ విప్పి లైటు వేసి చూపించాడు: చాంబర్ (పేలేటప్పుడు షెల్ కూర్చునే చోటు) గోడ చుట్టూ రీమర్ (తయారీలో ఆ రంధ్రాన్ని తొలిచే పనిముట్టు) వదిలిన సన్నటి గీతలు. దూది పుల్ల తిప్పితే పోగులు వాటికి పట్టుకుంటున్నాయి. గీతల్లో కరిగిన ప్లాస్టిక్ కూడా ఉంది.

బ్యారెల్ విడిగా తీసి, బోర్ బ్రష్‌కి (గొట్టం శుభ్రం చేసే బ్రష్) 0000 స్టీల్ ఊల్ (అతి సన్నటి స్టీల్ పీచు) చుట్టి, నూనె రాసి, డ్రిల్‌తో నెమ్మదిగా తిప్పాడు. అర నిమిషానికోసారి తుడిచి చూశాడు. గీతలు పూర్తిగా పోనక్కర్లేదు, నునుపు తేలితే చాలు. ఇసుక కాగితం వాడితే చాంబర్ కొలతే మారిపోతుంది, దాని జోలికి పోవద్దు.

ఇప్పుడు అవే చవక షెల్స్ 50 వరసగా కాల్చినా ఒక్కటీ ఆగలేదు. ముందు ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ షెల్‌ని బయటికి లాగే కొక్కెం), దాని స్ప్రింగ్ మార్చడం అనవసరపు ఖర్చే అయింది. మ్యాగజైన్ (షెల్స్ నింపి ఉంచే గొట్టం) స్ప్రింగ్‌కి దీనితో సంబంధమే లేదు.

ఒక్క మాట: షెల్ ఇరుక్కుంటే బట్‌ని నేలకేసి కొట్టి తెరవకండి. మ్యాగజైన్‌లో నిండు షెల్స్ ఉంటాయి, బ్యారెల్ మూతి మీ ముఖం వైపే ఉంటుంది.