గొలుసుకట్టు కాగితాన్ని ముందు ఎవరు చదవాలి: మనిషా, ఏఐనా?

తెలుగు అయివారు, ప్రొద్దుటూరు

ఇరవై ఏళ్లుగా గొలుసుకట్టు చదువుతున్నా. చూడనివాళ్ల కోసం చెబుతా. కలం ఎత్తకుండా, మాటకూ మాటకూ ఎడం ఇవ్వకుండా, ఒక అక్షరం తోకను పక్క అక్షరానికి ముడేసుకుంటూ పోయే పాతకాలపు చేతిరాత అది. కరణాలు లెక్కలు రాసుకున్నది ఆ రాతలోనే. ఇప్పుడు మా చుట్టుపక్కల దాన్ని ధారాళంగా చదివేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పోయిన నెల ఒక కుటుంబం వాళ్ల పాత ఇనాం కాగితాలు తెచ్చింది. పదకొండు ఆకులు. వాళ్ల పిల్లోడు అప్పటికే ఫోటోలు తీసి ఏఐకి ఇచ్చి, చక్కగా టైపు చేసిన ప్రతి చేతిలో పెట్టినాడు. "సరిచూసి చెప్పండి అయివారూ, చాలు" అన్నాడు. పక్కపక్కన పెట్టుకొని చూసినా. అంతా సరిగ్గానే ఉందనిపించింది. సరే అని పంపించేసినా కూడా.

ఆ రాత్రి మనసొప్పక, మరుసటి రోజు అసలు కాగితాలు మళ్లీ తెప్పించుకొని, టైపు ప్రతి ముట్టకుండా చదివినా. మూడో ఆకులో ఇట్లుంది: "చెరువు కింద తూ ౪౹ మాన్యానకు కట్టుబడి". ఏఐ ఇచ్చింది: "చెరువు కింద తూ ౪. మాన్యానకు కట్టబడి". తూ అంటే తూము, నేల కొలత. కట్టుబడి అంటే ఇనాం భూమి మీద ఏటా కట్టాల్సిన తక్కువ శిస్తు. అది "కట్టబడి" అయ్యేసరికి శిస్తు మాట పోయి, ఎవరో ఏదో కట్టినారన్న అర్థం వచ్చి కూచుంది. ఇంక ఆ నిలువు గీత చూడండి. మన పాత లెక్కల్లో ఒక నిలువు గీత పావు, రెండైతే అర, మూడైతే ముప్పావు. అడ్డగీతలైతే వీసాలు, అంటే పదహారో వంతులు. ఏఐ ఆ గీతను వాక్యం చివర పెట్టే గీత అనుకుంది. నాలుగుంబావు తూముల నేల నాలుగు తూములైపోయింది.

ఏఐ తప్పు చదివినందుకు నాకు బాధ లేదు. ఇరవై ఏళ్ల అలవాటున్న నా కన్ను మొదటి రోజు ఆ రెండు తప్పుల మీదుగా జారిపోయింది, అదీ నన్ను పట్టుకున్నది. ముందు టైపు ప్రతి చదివినా కాబట్టి, కాగితంలో కూడా అదే కనపడింది. అందుకే నా మాట ఇది: ముందు మనిషి చదవాలి, ఏఐ ఏం చెప్పిందో చూడకుండా చదవాలి. తర్వాతే దాన్ని అడగాలి. మీరేమంటారు?

పెన్నా ఒడ్డు (జమ్మలమడుగు, ఇప్పుడు బెంగళూరు)

అయివారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నా, నేను ఒప్పుకోను. మీరు రోజుకు ఎన్ని ఆకులు చదవగలరు? నాలుగా, అయిదా? మా జేజినాయన అటక మీద రెండు మూటలుండేవి. చదివేవాళ్లు దొరికినప్పుడు చూద్దాంలే అని పెట్టినారు. నేను ఇంజనీరింగు అయిపోయి వచ్చి విప్పేసరికి ఒక మూట మొత్తం చెదలు తినేసినాయి. తప్పుల తడకగానైనా ఆ రోజు ఎవరన్నా చదివి ఉంటే, అందులో ఏముండిందో నాకు తెలిసేది.

ఏఐ ఎందుకట్లా చదివిందో కూడా చెప్పాల. అది అక్షరం తర్వాత అక్షరం కూడబలుక్కుంటా పోదు. ఇక్కడ ఏ మాట ఉండే అవకాశం ఎక్కువ అని అంచనా వేస్తుంది. "కట్టబడి" అనే మాట అది పేపర్లలో, పుస్తకాల్లో లెక్కలేనన్ని సార్లు చూసింది. "కట్టుబడి" శిస్తు అర్థంలో చూసిందే తక్కువ. పావు, అర గీతలకైతే యూనికోడ్‌లో, అంటే కంప్యూటరు గుర్తుపట్టే అక్షరాల పట్టికలో, చోటు దొరికిందే 2008లో, తూము గుర్తుతో పాటు. ఆ గుర్తులతో నెట్‌లో ఎవరు రాసినారు గనక అది నేర్చుకోడానికి? బ్రౌన్ నిఘంటువు, రెవెన్యూ మాటల పట్టిక ముందే ఇచ్చి, అనుమానమున్న ప్రతి మాటకూ గుర్తు పెట్టమని చెబితే ఇట్లాంటివి చాలా తగ్గుతాయి. మీరు దిద్దిన ఆకులు మళ్లీ దానికిస్తే, ప్రతి ఆకూ దానికి పాఠమే అవుతుంది. దిద్దడానికి ముందు అది చదివుండాల కదా?

ఎక్స్‌రే గది, కర్నూలు

నాకు గొలుసుకట్టు రాదు. కానీ అయివారు చెప్పిన "కన్ను జారిపోవడం" మా పనిలో బాగా తెలిసిన విషయం, అందుకే రాస్తున్నా.

2023లో రేడియాలజీ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 27 మంది రేడియాలజిస్టులకు 50 మామోగ్రామ్‌లు (రొమ్ము ఎక్స్‌రేలు) ఇచ్చి, పక్కన ఏఐ అభిప్రాయం కూడా చూపించినారు. కొన్నింటిలో కావాలనే తప్పు అభిప్రాయం పెట్టినారు. ఏఐ సరిగ్గా చెప్పినప్పుడు కొత్తవాళ్లు, పాతవాళ్లు అందరూ దాదాపు 80 శాతం సరిగ్గా చెప్పినారు. ఏఐ తప్పు చెప్పినప్పుడు కొత్తవాళ్లు 20 శాతానికి పడిపోయినారు. బాగా అనుభవం ఉన్నవాళ్లు కూడా 45 శాతం దగ్గరికి దిగినారు. అయివారూ, మీకు జరిగింది మీ ఒక్కరికే కాదు.

అయితే రెండో వైపు కూడా చెప్పకపోతే అన్యాయం. స్వీడన్‌లో మామూలుగా ప్రతి మామోగ్రామ్‌నూ ఇద్దరు డాక్టర్లు చదవాలి. అక్కడ 80,000 మందికి పైగా ఆడవాళ్ల మీద చేసిన పరీక్షలో ఏఐ ముందే అన్ని ఫిల్ములూ చూసి, ప్రమాదం తక్కువనుకున్నవి ఒక డాక్టరుకు, ఎక్కువనుకున్నవి ఇద్దరికి పంపింది. డాక్టర్లు చదవాల్సిన పని 44 శాతం తగ్గింది. క్యాన్సర్లు పట్టుకోవడం మాత్రం తగ్గలేదు. అంటే అక్కడ ఏఐదే ముందు చూపు. కానీ దాని ముఖ్యమైన పని, ఏ ఫిల్ము మీద ఎన్ని కళ్లు పడాలో తేల్చడం. ఈ తేడా మీ కాగితాలకూ పనికొస్తుందేమో చూడండి.

చెరువు కింద రైతు, తాడిపత్రి

సార్, మీకిది చదువు సంగతి. మాకు కయ్య సంగతి. పాత ఆర్‌ఎస్‌ఆర్‌లో (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, సర్కారు భూముల లెక్క పుస్తకం) పేరు రాయాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేసినందుకు చుక్కల భూములని పేరు పడి, రిజిస్ట్రేషన్ కాక జనం ఎంతగా తిరిగినారో మన జిల్లాలో ఎవరినైనా అడగండి. దానికోసం 2017లో ప్రత్యేకంగా చట్టం తేవాల్సి వచ్చింది. చుక్కకే అంత జరిగింటే, గీత పోతే ఏం కావాల? పావు తూము అంటే మీకు లెక్కలో చిన్నదే. ఆ పావు తూములోనే మా బోరు ఉండొచ్చు.

ఏఐ వద్దని నేననను. నా వేరుశనగ ఆకుకు మచ్చలొస్తే ఫోటో తీసి దాన్నే అడుగుతా. కానీ అది చెప్పింది నిజమో కాదో పంట నాకు వారంలో చెబుతుంది. ఈ కాగితం తప్పు చదివితే చెప్పేదెవరు? రాసిన కరణం రాడు కదా.

ఎం.ఏ. తెలుగు, కడప

తాడిపత్రి అన్న అడిగిందే అసలు ప్రశ్న. తప్పు అని ఎట్ల తెలుస్తుంది?

నేను గొలుసుకట్టు నేర్చుకుంటున్నా, ఇప్పటికి ఏడాది. బ్రౌన్ గ్రంథాలయానికి పోయినప్పుడల్లా నాకు ఒకటే తోస్తుంది. బ్రౌన్ 1820లో కడపకు వచ్చేనాటికి మన పద్యాలు ఎవరి తాళపత్రంలో ఎట్లుంటే అట్లుండినాయి. ఆయన ఈ ఊళ్లో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకొని, ఒక కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి తేడాలు రాయించినాడు. ఒక్క ప్రతినీ పూర్తిగా నమ్మలేదు. ఆ తేడాల దగ్గరే కూచొని పండితులతో వాదించినాడు. పండితులు లేకపోతే ఆయన పని లేదు, ఆయన లేకపోతే ఆ ప్రతులన్నీ ఒకచోటికి చేరేవి కావు.

ఎవరు ముందు అనేదానికన్నా, రెండు పాఠాలూ విడివిడిగా తయారు కావడం ముఖ్యమని నాకనిపిస్తుంది. అయివారి పాఠం ఏఐకి చూపకూడదు, ఏఐ పాఠం అయివారికి చూపకూడదు. తర్వాత రెండూ పక్కన పెట్టి, కలవని చోట మాత్రం ఆగాలి. ఇద్దరూ ఒకే తప్పు చేస్తే ఈ పద్ధతి పట్టదు, అది నిజమే. కానీ కాగితం మొత్తం మీద పెట్టే చూపును ఆ పది చోట్ల మీద పెట్టొచ్చు.

ఇంకొకటి, పెన్నా ఒడ్డు అన్నా: దిద్దడం ద్వారానే నేర్చుకుంటే నాకు గొలుసుకట్టు ఎప్పటికీ రాదు. టైపు ప్రతి పక్కన ఉన్న రోజు నేను ఒక్క ముడి కూడా విప్పలేదు. అది లేని రోజు ఒక ఆకుకు సాయంత్రమంతా పట్టింది, అందులో ఉన్నది మాత్రం ఇప్పటికీ గుర్తుంది. మాలాంటి వాళ్లు ఆ సాయంత్రాలు కూచోకపోతే, పదేళ్ల తర్వాత ఏఐని దిద్దేవాళ్లు ఎవరు?

తెలుగు అయివారు, ప్రొద్దుటూరు

అమ్మా, నువ్వు చెప్పింది చదివి, ఇన్నాళ్లూ రాయని ఒక సంగతి రాస్తున్నా. మూడేళ్ల కిందట ఒక ఊరి పొలం హద్దుల్లో "ఉత్తరం బాట" అని చదివి ఇచ్చినా. ఆ పొలానికి ఉత్తరాన బాట ఉంది, నేను నడిచినా కూడా. ఈ వారం అదే ఆకు ఏఐకి ఇచ్చి చూసినా. "బావి" అంది. మళ్లీ భూతద్దం పెట్టి చూస్తే, గొలుసులో ట అనుకున్నది వి. ఆ ఊరికి ఫోన్ చేసి అడిగితే, బాటకు ఇవతల పూడిపోయిన బావి ఉండేదని, దాని రాళ్లు ఇంకా ఉన్నాయని ఒక పెద్దాయన చెప్పినాడు. అక్షరం చూడాల్సిన చోట నేను ఈనాటి ఊరిని చూసినా. ఏఐకి ఆ బాట తెలియదు, అందుకే అది బావి చదవగలిగింది.

ముందు మనిషే చదవాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. విడివిడిగా చదవాలి, ఇద్దరూ. కలవని చోటును ఆ రెండు పాఠాలూ చూడని మూడో మనిషి చదవాలి. భూమి కాగితం అయితే ఇంతకన్నా తక్కువకు నేను ఒప్పుకోను.

పెన్నా ఒడ్డు

భూమి కాగితాలకు సరే అయివారూ, ఒప్పుకుంటున్నా. అటకల మీది మూటలకు మాత్రం కాదు. వాటికి ముందు ఏఐనే చదవనీండి, ఏ మూటలో ఏముందో తెలిసేంత వరకు. పైన "ఎవరూ సరిచూడలేదు" అని పెద్దక్షరాలతో రాసి పెడదాం. మూడో మనిషి కోసం ఆగితే చెదలు ఆగవు.

తెలుగు అయివారు, ప్రొద్దుటూరు

ఆ మాట రాసి పెడితే నాకు అభ్యంతరం లేదు. రాయకుండా చేతులు మారితే ఉంది.

ఇనాం కాగితం ఏడో ఆకు ఫోటో కింద పెడుతున్నా, ఆ కుటుంబం ఒప్పుకున్నాకే, పేర్లు కప్పేసి. నాలుగో వరుసలో పడమటి హద్దు దగ్గర నాకూ ఏఐకీ కలవలేదు. ఎవరం ఏం చదివినామో చెప్పను. అమ్మా, మూడో మనిషివి నువ్వు.

ఎం.ఏ. తెలుగు, కడప

గంటన్నర చూసినా అయివారూ. "ఏటి" వరకు ఖాయం. తర్వాతి అక్షరం "గ", అది కూడా చెప్పగలను. దాని తర్వాత ఒత్తు ఉంది, ఏ ఒత్తో తెలియడం లేదు. "గట్టు" కావచ్చు, "గడ్డ" కావచ్చు. సరిగ్గా అక్కడే కాగితం మడత పడి సిరా చెదిరింది. ఫోటో ఎంత పెద్దది చేసినా మడత నీడే కనపడుతోంది. ఆదివారం అసలు కాగితం తెస్తారా? ఎండకు పట్టి వెనక వైపు నుంచి చూస్తా.