‘మాయవేషము వేసికొనిరి’: గలతీ పత్రికలోని ఒక మాట

నల్గొండ నుంచి ఒక సభ్యురాలు:

అందరికీ వందనాలు. మొన్న ఆదివారం మా మందిరంలో బైబిల్లోని గలతీ పత్రిక, అంటే పౌలు గలతీ సంఘాలకు రాసిన ఉత్తరం, రెండో అధ్యాయం చదివారు. 13వ వచనం దగ్గరికి వచ్చేసరికి నా మనసు అక్కడే నిలిచిపోయింది. ‘తక్కిన యూదులును అతనితో కలిసి మాయవేషము వేసికొనిరి గనుక బర్నబా కూడ వారి వేషధారణముచేత మోసపోయెను.’ ఇక్కడ ‘అతడు’ అంటే యేసు శిష్యుల్లో ముఖ్యుడైన పేతురు. బర్నబా పౌలు తోటి సేవకుడు. చిన్నప్పటి నుంచి వేషధారి అనగానే నాకు ప్రభువు మందలించిన యూదుల మతనిష్ఠాపరులు, పరిసయ్యులే గుర్తుకు వచ్చేవారు. అదే మాట ఒక అపొస్తలుడి మీద కూడా పడిందని ఇన్నేళ్లూ గమనించనే లేదు.

ఈ మాటకు గ్రీకు మూలం ‘హుపొక్రితేస్’. ముఖానికి ముసుగు తగిలించుకొని రంగస్థలం మీద పాత్ర పలికే నటుడని మొదటి అర్థం. దానికి మనవాళ్లు ‘వేషధారి’ అని పెట్టారు. నాకు ఈ ఎంపిక ఎంతో నచ్చుతుంది. ‘కపటి’ అంటే లోపలి బుద్ధి ఒక్కటే తెలుస్తుంది. ‘వేషధారి’ అంటే ఎదుట చూసేవాళ్లున్నారన్న సంగతి కూడా తెలుస్తుంది. ఎవరూ చూడని చోట వేషం కట్టేవాడు ఉండడు కదా. మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో వేషధారులు చేసేవన్నీ మంచి పనులే: ధర్మం, ప్రార్థన, ఉపవాసం. చూపు మాత్రం జనం మీద ఉంది. అందుకే ‘నీ ముందర బూర ఊదింపవద్దు’ అన్నాడు ప్రభువు. కానుక ఇచ్చినవారి పేర్లు, మొత్తాలు మైకులో చదివే పద్ధతి ఉన్న మందిరంలో నేను పెరిగాను. ఈ వచనం విన్నప్పుడల్లా ఆ మైకు చప్పుడే చెవిలో మోగుతుంది. ‘వారు తమ ఫలము పొందియున్నారు’ అన్న చోట ఉన్న గ్రీకు క్రియ ఆనాటి రసీదుల మీద ‘పూర్తిగా ముట్టింది’ అని రాసే మాట. మన చెల్లు చీటి లాంటిది. ఇక రావలసిన బాకీ ఏమీ లేదని.

ఇప్పుడు నా సందేహం. రోమా 12:9లో ‘మీ ప్రేమ నిష్కపటమైనదై యుండవలెను’ అని ఉంది. అక్కడ గ్రీకులో ఉన్నది ఇదే నటుడి మాటకు వ్యతిరేక పదం, ‘అనుపొక్రితొస్’. అంటే వేషం లేని ప్రేమ. తెలుగులో ఆ బంధం తెగిపోయింది. వేషధారిని తిట్టిన నోటితోనే ‘నిష్కపటమైన ప్రేమ’ అని పాడుకుంటాం, రెండూ ఒక్క వేరు నుంచి వచ్చాయని తెలియకుండానే. ఎందుకు మార్చి ఉంటారు? గలతీలో ‘మాయ’ అన్న మాట ఎందుకు చేర్చారు?

దేవరకొండ వైపు నుంచి ఒక సభ్యుడు:

అక్కా, ‘మాయ’ గురించి నేను చెప్పగలను. మా తాతలు చిందు భాగవతం అనే వీధి నాటకం ఆడినవారు. మందిరంలో ‘వేషధారి’ అని తిట్టులా వాడినప్పుడల్లా నాకు మా తాత గుర్తుకు వచ్చి బాధ కలిగేది. ముఖానికి రంగు పూసుకొని, కిరీటం, భుజకీర్తులు కట్టుకొని తెల్లవార్లూ ఆడేవారు. ఆయన దేవుడని ఎవరూ మోసపోలేదు. ఫలానావారి తాత ఈ వేషం కట్టాడని వాడకట్టంతా తెలుసు. తెల్లవారితే రంగు కడుక్కొని కూలికి వెళ్లేవారు. అది వేషం. రావణుడు సన్యాసిలా వచ్చి భిక్ష అడిగితే అది మాయవేషం. మాయలేడి ఎలాగో ఇదీ అలాగే. వేషం అని చూసేవారికి తెలియకుండా కట్టినది. ఈ తేడా ఎరిగిన మనిషే గలతీలో ఆ మాట చేర్చి ఉంటారని నా నమ్మకం. మిగతా చోట్ల కూడా ‘మాయవేషధారి’ అని ఉంటే మా తాతలకు న్యాయం జరిగేది.

పాలమూరు నుంచి ఒక పెద్దాయన:

అమ్మా, నాయనా, ఇద్దరి మాటలూ బాగున్నాయి. ఒకటి సవరిస్తాను. ఆ బంధం అన్ని చోట్లా తెగలేదు. యాకోబు 3:17 చూడండి: పైనుండి వచ్చు జ్ఞానము ‘పక్షపాతమైనను వేషధారణయైనను లేనిది’. అక్కడ గ్రీకులో రోమాలో ఉన్న పదమే ఉంది. తెలుగులో వేషం నిలిచింది. మరోవైపు 2 కొరింథీ 11:14లో ‘సాతాను తానే వెలుగుదూత వేషము ధరించుకొనుచున్నాడు’ అంటాం. అక్కడ మూలంలో నటుడి మాట లేదు, రూపం మార్చుకోవడం అనే వేరే క్రియ ఉంది. తెలుగు కొన్ని చోట్ల పోగొట్టినదాన్ని మరికొన్ని చోట్ల తానే తెచ్చి కలిపింది.

నాకు బాధ మరో దగ్గర. ఈ మాటను మనం ఎవరి మీద వాడుతున్నాం? వేరే సంఘానికి వెళ్లిన వారిని వేషధారి అంటాం. పెళ్లిలో నగ పెట్టుకున్న ఆడబిడ్డను అంటాం. ప్రభువు మత్తయి 23లో అన్నది ‘మోషే పీఠమందు కూర్చుండువారిని’. మోయలేని బరువులు కట్టి మనుషుల భుజాల మీద పెట్టి, తాము వేలితోనైనా కదిలించని వారిని. పీఠం మీద ఉన్నవారికి చెందిన మాటను పీఠం మీదివారే కిందివారిపై విసరడం నేను నలభై ఏళ్లుగా చూస్తున్నాను.

నల్గొండ సభ్యురాలు, తిరిగి:

పెద్దయ్యా, యాకోబు వచనం నేను మరిచిపోయాను, కృతజ్ఞతలు. తమ్ముడూ, మీ తాత గురించి రాసింది రెండుసార్లు చదివాను.

పేతురు వేషం ఎక్కడ వేశాడో చూశారా? అన్నం దగ్గర. యూదులు కాని అన్యజనులతో కలిసి తింటున్నవాడు, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గరి నుంచి కొందరు యూదులు రాగానే భయపడి వెనక్కి తగ్గాడు. ఒక్క బోధ కూడా మార్చలేదు. విస్తరి మార్చాడు, అంతే. మన జిల్లాల్లో హోటళ్ల దగ్గర కులాన్ని బట్టి వేరే గ్లాసు ఇచ్చే రెండు గ్లాసుల పద్ధతి చూసిన వారికి దీన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా ఊరి మందిరంలో క్రిస్మస్ భోజనాలు జరిగాయి. ప్రతి ఏడూ రెండు వాడలవారూ ఒకే బంతిలో కూర్చునేవారు. ఆ ఏడు పట్నం నుంచి సంఘ పెద్దలు వచ్చారని వారికి విడిగా బంతి వేశారు. చూస్తుండగానే మా వాడవారు ఒక్కొక్కరే లేచి అటు వెళ్లారు. మా నానమ్మ మాత్రం లేవలేదు. చదువు రాని మనిషి. బియ్యం బదులు ఇస్తే మానిక అంచు మీద శిఖరం కట్టేలా కొలిచి ఇచ్చేది. అవతలి వాడ ఆడవారి నడుమ కూర్చొని తింటోంది. ఎందుకు రాలేదని ఇంటికి వచ్చాక అడిగితే, ‘నా విస్తరి అక్కడనే వేసిండ్రు గద బిడ్డా’ అంది.

13వ వచనం చివర ‘మోసపోయెను’ అని ఉంది. మూలంలోని క్రియకు ‘వారితో పాటు లాక్కుపోబడ్డాడు’ అన్న అర్థం వస్తుంది. బర్నబాను ఎవరూ మోసం చేయలేదు. అందరూ లేచారు కాబట్టి అతడూ లేచాడు. ఆ రోజు అమ్మ నా చేయి పట్టుకొని రెండో బంతికి నడిపించింది. సగం తిన్న విస్తరి వదిలి నేనూ వెళ్లాను. ‘కొట్టుకుపోయెను’ అంటే మూలానికి దగ్గరవుతుందా? మెరుగైన మాట తోచినవారు రాయండి.