పలువురతో 'నిగ్రహించి'యా, 'విగ్రహించి'యా? మదర్‌బోర్డు బేరంలో తగులుకున్న సందేహం

ఓల్టుమీటరు:
సుమతీ శతకంలో చలిచీమల పద్యం అందరికీ వచ్చిందే కాబట్టి మొత్తం రాయను. రెండో పాదంతోనే పేచీ. బళ్లో మాకు వల్లె వేయించింది "పలువురతో నిగ్రహించి పలుకుట మేలా" అని. మొన్న పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి గేమింగ్ మదర్‌బోర్డు కోసం వెళ్లాను. కౌంటర్ దగ్గరి పెద్దాయన బోర్డు మీద వరసగా ఉన్న చోక్‌ల (ప్రాసెసర్‌కి కరెంటు అందించే తీగచుట్టల) మీద పెన్ను ఆడిస్తూ, "ప్రాసెసర్ ఎంత బలవంతుడైనా ఈడ చలిచీమలు 16 ఉన్నయి సార్, సంభాళిస్తయ్" అన్నాడు. అని ఊరుకోక పద్యం ఎత్తుకున్నాడు. ఆయన నోట స్పష్టంగా "విగ్రహించి" అని వచ్చింది. అడిగితే "మా తాత గట్లనే చదివెటోడు" అన్నాడు.

అప్పట్నుంచి ఆ ఒక్క అక్షరం బుర్ర తొలిచేస్తోంది. ని యా, వి యా? పనిలో పనిగా, ఆయన చెప్పిన 16 సంగతి కూడా ఎవరైనా తేల్చండి. ఇంటెల్ ఐ9-13900కే ప్రాసెసర్ పెట్టి ఓవర్‌క్లాక్ చేద్దామని, అంటే కంపెనీ పెట్టిన వేగం దాటించి నడుపుదామని నా ఆశ.

అరసున్న:
ముందుగా ఒక మాట. నాలుగో పాదం "చేత చిక్కి" అని రాస్తున్నారు ఈమధ్య అందరూ. "చేతఁ జిక్కి". చేతన్ ద్రుతాంతం, పరుషం సరళం కావాల్సిందే.

ఓల్టుమీటరు:
నేను నాలుగో పాదం రాయనేలేదు కదండీ.

అరసున్న:
రాస్తారేమోనని.

నల్లకుంట వాసి:
ఛందస్సుతో తేలుతుందేమోనని గణాలు విడగొట్టి చూశాను. పలువుర, తోనిగ్, రహించి, పలుకుట, మేలా. నలం, గగం, జగణం, నలం, గగం. మొదటి పాదంలోని మూడింటితో కలిపి లెక్కిస్తే ఆరో గణం జగణం, ఉండాల్సిన చోటే ఉంది. ని పెట్టినా వి పెట్టినా వెనక ద్విత్వంలాంటి బరువు ఉంది కాబట్టి గురువే. యతి ప-ప, ప్రాస లకారం, రెండూ ఈ అక్షరాన్ని తాకవు. కందం ఇక్కడ ఏ పక్షమూ వహించదు. కవి కావాలనే మనల్ని ఇలా వదిలేశాడేమో.

అరసున్న:
ద్విత్వం కాదు, సంయుక్తం. గ్ర.

నల్లకుంట వాసి:
"లాంటి" అన్నాను సార్.

పాత పంతులు:
ఛందస్సు తేల్చకపోతే వ్యాకరణం తేలుస్తుంది. నిగ్రహించడం అంటే అణచడం, దండించడం. నిగ్రహానుగ్రహ సమర్థుడు అంటాం కదా. ఆ అర్థంలో "పలువురను నిగ్రహించి" అని ద్వితీయ రావాలి. ఇక్కడున్నది "తో". తో పెట్టుకుని చేసేది పోట్లాట. పోట్లాటకి మాట విగ్రహం. సంధి, విగ్రహం, యానం, ఆసనం, ద్వైధీభావం, సంశ్రయం అని రాజనీతిలో ఆరు గుణాలు. హితోపదేశంలో మూడో భాగం పేరే విగ్రహం. చిన్నయసూరి మిత్రలాభం, మిత్రభేదం రాసి ఆపితే మిగిలిన సంధి విగ్రహాల మీద వీరేశలింగం గారు చెయ్యి వేశారు. శతకం బద్దెనదే అని ఒప్పుకునేవాళ్లకి ఇంకో దన్ను: నీతిశాస్త్రముక్తావళి రాసిన రాజుకి విగ్రహం అన్న మాట వాడుకలో మాట. దేవుడి బొమ్మ తప్ప ఇంకో విగ్రహం ఎరగని తరాలు వచ్చాక, ఎవరో వి తీసి ని పెట్టి ఉంటారు. మీ కొట్టు పెద్దాయన తాతకి నా నమస్కారం చెప్పండి.

అరసున్న:
బద్దెనదే అనడానికి ఆధారం ఏమిటో ముందు చెప్పండి. ఇక పాఠం సంగతికొస్తే, సులువుగా అర్థమయ్యే పాఠం కంటే ఇబ్బంది పెట్టే పాఠమే పాతదని పరిష్కర్తలు ఊరికే అనలేదు. "తో విగ్రహించి" నున్నగా అతుకుతోంది. అంత నున్నగా ఉంటేనే నాకు అనుమానం, ఎవరో పండితుడు దిద్దాడని. నిగ్రహించి అంటే పంతం పట్టి, బిగబట్టి అని కూడా లాగొచ్చు.

పాత పంతులు:
లాగొచ్చు. మీరు లాగితే ఏదైనా వస్తుంది.

సికిందరబాదీ:
అక్షరం మీరు తేల్చుకోండ్రి. 16 సంగతి నేను జెప్త. అన్నా, ఆ కొట్టాయన అబద్ధం జెప్పలే, పూర తెలిసి గూడ జెప్పలే. బోర్డు మీద చోక్‌లు లెక్కవెట్టి గన్ని ఫేజులు, అంటే వంతులవారీగ కరెంటు ఇచ్చే లైన్లు, అనుడు తప్పు. అసలు కమాండు పీడబ్ల్యూఎం కంట్రోలర్, అంటే ఎప్పుడు తెరుసుకోవాల్నో చెప్పే చిప్పు, ఇస్తది. శానా బోర్డుల ఆ కంట్రోలర్ ఎనిమిది సిగ్నళ్లే ఇస్తది. ఒక్కో సిగ్నల్ మీద రెండు పవర్ స్టేజీలు (కరెంటును తెరిసి మూసే స్విచ్చులు) జంటగ ఉంటయి. డబ్బా మీద 16+1 అనో 16+2 అనో రాస్తరు. ఆ ప్లస్ తర్వాతది వేరే లైను, ప్రాసెసర్ కోర్లకు సంబంధం లేదు, దాన్ని కలుపుకోవద్దు.

జంటల గూడ రెండు రకాలు. డబ్లర్ చిప్ వెడితే సిగ్నల్‌ను పంచి ఒకసారి దీనికి ఒకసారి దానికి ఇస్తది. అప్పుడు 16 ఒకదాని తర్వాత ఒకటి పన్జేస్తయి గనీ, ఒక్కోదాని వేగం సగమైతది, జవాబు ఇంత ఆలస్యమైతది. డబ్లర్ లేకుంట ఒక్క సిగ్నల్‌కే రెండు కట్టేస్తే రెండూ ఒక్కసారే తెరుసుకుంటయి. ఆలస్యం ఉండదు. గనీ రిపుల్ (వోల్టేజీల వచ్చే అల) చూస్తే అది ఎనిమిది ఫేజులే. వేడి చూస్తే మాత్రం 16.

ఓల్టుమీటరు:
వేడికి 16 ఎలా అయింది తమ్ముడూ? లెక్క చెప్పు.

సికిందరబాదీ:
13900కే గరిష్ఠ టర్బో పవర్ 253 వాట్లు. వోల్టేజీ 1.25 అనుకో, కరెంటు 200 ఆంపియర్లు దాటుతది. ఎనిమిదింటికి పంచితే తలా 25, పదహారింటికి పంచితే పన్నెండున్నర. రెసిస్టెన్స్‌ల పోయే వేడి కరెంటు వర్గం లెక్కన పెరుగుతది. అంటే ఒక్కో స్టేజీల వేడి నాలుగో వంతుకు దిగుతది, స్టేజీలు రెండింతలు గాబట్టి మొత్తం సగం. స్విచింగ్ నష్టం మాత్రం గిట్ల దిగదు, స్టేజీలు ఎక్కువైతే అదే ఎక్కువైతది. అందుకే పనిలేని వేళ కొన్ని ఫేజులను కంట్రోలర్ పండవెడ్తది.

ఇంగ "90 ఆంపియర్లు, 16 స్టేజీలు, మొత్తం 1440 ఆంపియర్లు" అని మురిసిపోకు. 1.25 వోల్టుల కాడ అది 1800 వాట్లు. ఏ ప్రాసెసర్ తాగుతది గంత? రేటింగ్ అంటే తట్టుకునే అంచు, హాయిగ పన్జేసే చోటు గాదు.

నల్లకుంట వాసి:
చూశారా, పద్యంలో "పలువురు" దగ్గరకే వచ్చాం మళ్లీ. 16 ఒళ్లు, ఎనిమిది నోళ్లు. కవి "పలువురతో" అన్నాడు గానీ "పలుకు" కూడా పక్కనే పెట్టాడు. పలువురు, పలుకుట. కంట్రోలర్ పలుకు ఎనిమిదే.

పాత పంతులు:
ఇది వ్యాఖ్యానం కాదు, వేళాకోళం. అసలు ఆ పోలికే తప్పు. పద్యంలో చీమలు పామును మోయడం లేదు, చంపుతున్నాయి. బలవంతుడు పలువురితో వైరం పెట్టుకుంటే చస్తాడని నీతి. మదర్‌బోర్డు మీది భాగాలు ప్రాసెసర్‌కి అన్నం పెడుతున్నాయి. అక్కడ వైరం ఎక్కడిది? కొట్టు పెద్దాయన పద్యాన్ని తిరగేసి అమ్ముకున్నాడు.

సికిందరబాదీ:
వైరం లేదంటరా సారూ? 2024 యాద్ తెచ్చుకోండ్రి. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు గేముల నడుమ పడిపోవుడు మొదలువెట్టినయి. అడగాల్సిన దానికంటే ఎక్కువ వోల్టేజీ అడుగుతున్నయని తేలి ఆగస్టుల ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామును దిద్దే 0ఎక్స్129 మైక్రోకోడ్ ఇచ్చిర్రు, వెనకనే 0ఎక్స్12బీ. అంతకుముందు 2023ల ఏఎండీ దిక్కు 7800ఎక్స్3డీ ప్రాసెసర్లు కాలినయి, ఎస్‌ఓసీ వోల్టేజీని (కోర్లకు గాక మిగిలిన భాగాలకు పోయేది) 1.3 వోల్టుల కాడ కట్టేసిర్రు. అన్నం వెట్టే చెయ్యే చంపింది.

ఓల్టుమీటరు అన్నా, నువ్ ఆ 13900కే తీసుకుంటే ఫస్టు బయోస్ (బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చెయ్, ఓవర్‌క్లాక్ ముచ్చట తర్వాత.

నల్లకుంట వాసి:
అయితే "చలిచీమ" అర్థం తేలాలి. మా అమ్మమ్మ వాళ్లూరు గుంటూరు వైపు. అక్కడ చలిచీమ అంటే నల్లగా, సన్నగా, కుట్టకుండా గబగబా పాకే చీమ. దేవుడి చీమ అనేవాళ్లు. అది పామునెలా చంపుతుంది? కవికి కావాల్సింది ప్రాసలో ల. బలవం, పలువు, బలవం, చలిచీ. ల కోసం చలిచీమ తెచ్చాడు, అంతే. ఎర్రచీమ పెడితే ప్రాస చెడుతుంది.

అరసున్న:
ప్రాస కోసం చీమ జాతిని మార్చే కవి కాదు ఆయన, ఎవరైనా సరే. కుట్టే చీమలు చంపితే అందులో వింత ఏముంది? కుట్టని చీమ చేతిలో చావడంలోనే ఉంది పద్యం.

పాత పంతులు:
ఈ ఒక్కదాంట్లో మీతో ఏకీభవిస్తున్నాను. తేదీ రాసిపెట్టుకుంటాను.

ఓల్టుమీటరు:
సార్లూ, ఒక్క నిమిషం. ఓవర్‌క్లాకింగ్ ఎంతవరకు చేయగలను అన్నది ఎవరూ చెప్పలేదు.

సికిందరబాదీ:
ముందు బోర్డు మీది చిప్‌సెట్ ఏదో చూడు. జడ్790 అయితే మల్టిప్లయర్ (కోర్ వేగం పెంచే గుణకం) ముట్టుకోనిస్తది. బీ760 మీద 16 గాదు 60 స్టేజీలున్నా కోర్ మల్టిప్లయర్ పెంచనియ్యది, ర్యామ్ వేగం వరకే. ఏఎండీల బీ650 చాలు, ఏ620 మీద ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ ఉండదు.

తర్వాత మన ఎండలు. ఏప్రిల్ మేల బయట 40 దాటినప్పుడు ఏసీ లేని రూముల కేబినెట్ లోపల గాలే మస్తు వేడిగుంటది. వీఆర్ఎం అంటే ఈ స్టేజీలు, చోక్‌లు అన్నీ కలిసిన భాగం. రివ్యూలల్ల చల్లటి రూముల కొలిచిన వీఆర్ఎం టెంపరేచర్‌కు ఆ తేడా కలుపుకో. హీట్‌సింక్ మెరుస్తున్నదా అని గాదు, రెక్కలున్నయా, గాలి తగుల్తదా, కింద థర్మల్ ప్యాడ్ మంచిగ ఆనిందా అని చూడాలె. కొన్నిటి మీద ప్లాస్టిక్ మూత, లైట్లు, కింద రేకు ముక్క. లిక్విడ్ కూలర్ వెడితే ప్రాసెసర్ కాడ ఫ్యాన్ ఉండదు, వీఆర్ఎం మీదికి వచ్చే గాలి గూడ పోతది. ఇది శానా మంది మరుస్తరు. వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి, ప్రాసెసర్ మీద పూర లోడ్ వెట్టే ప్రైమ్95 ఒక అరగంట తిప్పి, వీఆర్ఎం సెన్సర్ ఎక్కడ నిలబడ్తదో చూడు. ఇంక ఎక్కుతనే ఉంటే ఆ బోర్డు నీ ప్రాసెసర్‌కు చాలది.

ఇగ నిజం జెప్పాల్నంటే, ఈ ప్రాసెసర్లు ఫ్యాక్టరీల్నే చివరిదాక లాగి పంపుతున్నరు. మిగిలింది కొద్దిగ. ఆ కొద్దిగ నీ చిప్పు అదృష్టం, నీ కూలరు. మంచి వీఆర్ఎం అడ్డం రాకుండ ఉంటది, అంతే. ర్యామ్ వేగం మీద పిచ్చి ఉంటే రెండు స్లాట్ల బోర్డు దొరుకుతదేమో చూడు, నాలుగు స్లాట్ల వాటికంటే పైకి పోతది.

ఓల్టుమీటరు:
లోడ్ పడగానే వోల్టేజీ కుంగుతుందంటారు కదా, దానికి ఎల్‌ఎల్‌సీ (ఆ కుంగడాన్ని తగ్గించే బయోస్ సెట్టింగు) పెంచమంటారా?

సికిందరబాదీ:
నడుమల పెట్టు. కుంగుడు కావాలనే పెట్టిర్రు. పూర్తిగ సాఫు చేస్తే లోడ్ ఒక్కసారి దిగినప్పుడు వోల్టేజీ పైకి ఎగుర్తది. చిప్పును చంపేది ఆ ఎగురుడు.

నల్లకుంట వాసి:
కుంగడం అనగానే పోతన. "లా వొక్కింతయు లేదు." వోల్టేజీ కుంగింది. "ధైర్యము విలోలంబయ్యె." క్లాక్ ఊగుతోంది. "ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను." మెమరీ ఎర్రర్. "మూర్ఛ వచ్చె." బ్లూ స్క్రీన్. బమ్మెరలో కూర్చుని ఓవర్‌క్లాకింగ్ చరిత్ర అంతా రాశాడు మహానుభావుడు. "రావే ఈశ్వర" దగ్గర సీమాస్ క్లియర్ చేసి, బయోస్ సెట్టింగులన్నీ మొదటికి తేవాలి.

అరసున్న:
"మూర్ఛ వచ్చెఁ దనువున్ డస్సెన్". అరసున్న మింగేశారు.

నల్లకుంట వాసి:
తనువు దాకా వెళ్లలేదు సార్, మూర్ఛ దగ్గరే ఆగాను. కానీ మంచి మాట గుర్తు చేశారు. డస్సెన్! థర్మల్ థ్రాట్లింగ్‌కి తెలుగు వెతుక్కుంటున్నాం ఎప్పట్నుంచో. ప్రాసెసర్ డస్సింది. ఎంత బాగుంది. చావలేదు, పడిపోలేదు, వేడికి వేగం తగ్గించుకుంది.

పాత పంతులు:
డస్సడం అలసట. అలిసినవాడు ఇష్టపడి తగ్గడు. థ్రాట్లింగ్‌లో తనంతట తనే తగ్గించుకుంటుంది కదా? అక్కడికి మళ్లీ నిగ్రహమే వస్తుంది. ఆత్మనిగ్రహం.

అరసున్న:
చూశారా. నిగ్రహించి అంటే బిగబట్టి అని నేను పొద్దున్నే చెప్పాను.

పాత పంతులు:
ప్రాసెసర్ తనను తాను నిగ్రహించుకుంటుంది. "పలువురతో" నిగ్రహించుకోదు. విభక్తి సంగతి అలాగే ఉంది. సుల్తాన్ బజార్ భాషా నిలయంలో పాత అచ్చుప్రతులు ఏమున్నాయో ఆదివారం చూసొస్తాను.

ఓల్టుమీటరు:
వెళ్తే నన్నూ పిలవండి మాష్టారూ. అటునుంచి ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాలు కూడా చూడొచ్చు. బోర్డు మాత్రం ఇంకా తీసుకోలేదు. పెద్దాయన్ని కంట్రోలర్ ఏదని అడిగితే, "గది డబ్బా మీద రాయరు సార్" అన్నాడు.

సికిందరబాదీ:
రాయరు. రివ్యూల బోర్డు విప్పి చిప్పు మీది నంబరు చూపిస్తరు, గదే ఆధారం. మీ అచ్చుప్రతుల లెక్కనే.

నల్లకుంట వాసి:
ఒక చిన్న సందేహం. "ఠావుల్ దప్పెను"లో ఠావూ, మనం పరీక్షల్లో కొనుక్కునే ఠావు కాగితమూ ఒకటేనా?

అరసున్న:
మొదలెట్టకండి.

పాత పంతులు:
ఒకటే కాదు. కానీ ఎందుకు కాదో చెప్పాలంటే ముందు ఠకారం తెలుగుదేనా అన్నది తేలాలి.